ఇటుక ఆగే చోటు

ఇటుకను పైకి విసిరితే, కిందికి తిరిగే ముందు అది గాలిలో ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో దానికి బరువుండదు. అప్పుడే తీసుకోవాలి. తొందరపడితే అరచేతిని గుద్దుతుంది. ఆలస్యమైతే భుజాన్ని గుంజుతుంది. పరంజా మీద నిలబడి ఇటుకలు అందుకునే వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. అయితే అది ఎక్కడ ఆగాలన్నది పైనున్నవాడి చేతిలో లేదు, కింద నుంచి విసిరేవాళ్ల చేతిలో ఉంది. ఆ విషయంలో కొంగ మేస్త్రిది రాసిపెట్టిన అదృష్టమని తోటివాళ్లు అనేవాళ్లు. అతనికి విసిరేది అతని భార్య.

పొడుగాటి మెడ, సన్నటి కాళ్లు, గోడ తూకం చూసేటప్పుడు ఒంటికాలి మీద నిలబడే అలవాటు ఉండడంవల్ల అతన్ని కొంగ అన్నారు. ఆ పేరు ఎంతగా అతుక్కుపోయిందంటే, ఇల్లు కట్టించుకునేవాళ్లు కూడా "కొంగ మేస్త్రి గారూ" అని మర్యాదగా పిలిచేవాళ్లు. అతను కట్టేవి చిన్న ఇళ్లు, ఒక అంతస్తు, మహా అయితే రెండు. అలాంటి చోట్లకు ఇటుకలు మోసే యంత్రాలు రావు. ఇటుకల గుట్ట దగ్గర ఒకరు నిలబడి విసరాలి, పైన ఒకరు అందుకోవాలి. మిగతా మేస్త్రులు అందుకోవడానికి వేరే మనిషిని పెట్టుకుంటారు. అతను మాత్రం తన ఇటుక తనే అందుకుని, తనే పేర్చుకునేవాడు.

ఆమె పనిలో చేరిన మొదటి రోజు విసిరిన ఇటుక వంకరగా పోయింది. అతను పరంజా అంచుదాకా ఒరిగి, దాన్ని వేళ్ల కొసలతో పట్టుకుని, కిందికి చూసి అరిచాడు.

"ఎవర్ని చంపుదామని?"

"పట్టుకోవడం రాకపోతే దిగిపో. నేనొచ్చి నిలబడతా" అంది ఆమె.

గుట్ట దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. ఏడాది తిరక్కుండా పెళ్లయింది. అప్పట్నుంచి ఆమె విసరడం, అతను అందుకోవడం. విసిరే ముందు ఆమె "హా!" అనేది. అది పిలుపు కాదు, కేక కాదు, మధ్యలో ఏదో. ఆ శబ్దం వినగానే, చూపు ఎక్కడున్నా, అతని చేతులు వాటంతటవే లేచేవి. ఇటుక వచ్చి అతని అరచేతుల మధ్య నిలబడేది. "మా వదిన ఇటుక విసరదురా, అప్పజెబుతుంది" అని కూలీలు అనుకునేవాళ్లు.

ఆ పనికి ఒకటే నియమం. విసిరినదాన్ని పట్టుకుని తీరాలి. చేయి జారిన ఇటుక నేరుగా వచ్చి పడేది విసిరిన మనిషి నెత్తిమీదే. అన్నేళ్లలో అతను ఒక్క ఇటుక కూడా ఆమె మీద పడనివ్వలేదు.

భుజం నొప్పి ఎప్పుడు మొదలైందో అతను చెప్పలేడు. మొదట చొక్కా తొడుక్కునేటప్పుడు కలుక్కుమనేది. తరువాత తల దువ్వుకోవడం కష్టమైంది. కుడివైపు తిరిగి పడుకోవడం మానేశాడు. బామ్ రాసుకునేవాడు, కాపడం పెట్టించుకునేవాడు. పొద్దున్న పరంజా ఎక్కి ఒళ్లు వేడెక్కాక నొప్పి సర్దుకునేది. "అరిగిపోయిన బండికి రోజూ ఇంతే. స్టార్టయ్యేదాకానే గోల" అనేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె "హా!" అంది. అతని ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. ఇటుక అతని మోచేతిని రాసుకుంటూ కిందికి పోయి, ఆమె పాదం పక్కనున్న తట్టలో పడింది. తట్ట సొట్టపోయింది.

ఆమె వంగి, ఇటుకను పక్కన పెట్టి, తట్టను బోర్లించి సొట్టను చేత్తో తడిమింది. అతను పరంజా దిగాడు. ఆ రోజు మళ్లీ ఎక్కలేదు. నొప్పి కోసం ఏనాడూ ఆసుపత్రి గడప తొక్కనివాడు మర్నాడు ఆ ఇటుక కోసం తొక్కాడు.

డాక్టరు స్కానింగ్ తీయించి, ఆ బొమ్మను వెలుగుకు అడ్డంగా పెట్టి చూపించాడు.

"నరం తెగిందాండీ?" అని అడిగాడు మేస్త్రి.

"అందరూ నరమనే అంటారు. నరం కాదు. కండను ఎముకకు కట్టే తాడు లాంటిది. భుజం గుండు మీద ఇలాంటివి టోపీలా కప్పుకుని ఉంటాయి. మీకు పైది తెగి వెనక్కి జారింది. ఒక్కరోజులో తెగింది కాదు ఇది. ఏళ్ల తరబడి ఒరుసుకుని ఒరుసుకుని పీచులు పీచులైంది."

"కడితే అతుక్కుంటుందా?"

"కడతాం. అతుక్కోవాల్సింది మాత్రం అదే."

"మళ్లీ ఇటుకలు అందుకోవచ్చా?"

డాక్టరు బొమ్మను కవరులో పెట్టాడు. "బాగా అతుక్కుంటే, మీరు ఓపిక పడితే, ఎనిమిది తొమ్మిది నెలలకు చూద్దాం. తొందరపడితే మాత్రం చేసిందంతా బూడిదలో పోసినట్టే."

ఆ "చూద్దాం" పట్టుకునే మేస్త్రి ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. భుజం చుట్టూ చిన్న కన్నాలు పెట్టి, ఎముకలో మేకుల్లాంటివి దించి, వాటికున్న దారాలతో తెగిన కొసను లాగి బిగించారు. మెలకువ వచ్చేసరికి చెయ్యి మొద్దుబారి, ఎవరిదో తెచ్చి పక్కన పెట్టినట్టు ఉంది. చేతికీ నడుముకూ మధ్య ఒక దిండు పెట్టి, పట్టీలతో మెడకు కట్టారు. నెలన్నర పాటు బట్టలు మార్చడానికి తప్ప దాన్ని విప్పకూడదు, తనంతట తానుగా చెయ్యి ఎత్తకూడదు.

మేస్త్రికి ఇది కొత్త విషయం కాదు. స్లాబు పోశాక కింద ఆసరాగా నిలిపిన సెంట్రింగు పోట్లు ఎప్పుడు తీయాలో అతనికి తెలుసు. ఆత్రపడి తీసినవాళ్ల స్లాబులు ఏమయ్యాయో కూడా చూశాడు. కుట్లు చూడడానికి వెళ్లినప్పుడు "సెంట్రింగు ఎప్పుడు తీస్తారు డాక్టరు గారూ?" అని అడిగాడు. డాక్టరుకు అర్థం కాలేదు. పక్కనున్న భార్య పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది.

వాళ్లుండేది మేడ మీద ఒంటి గది. బయట నుంచి మెట్లు, పైన సన్నటి వరండా, దానికి ఇనుప కమ్మీ. గదిలో ఒక మంచం, ఒక చేతుల కుర్చీ. వెల్లకిలా పడుకుంటే భుజంలో గునపం దించినట్టుండేది. అందుకని ఆమె కుర్చీకి రెండు వైపులా దిండ్లు కట్టి, కాళ్లకింద పీట వేసింది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి అతని నిద్ర అందులోనే. మంచం ఎక్కలేదు. పొద్దున్నే అతని మొహం తుడిచి, కుడి చంకలో మెత్తటి గుడ్డ పెట్టి, చొక్కాకు ముందు కుడి చెయ్యి దూర్చి, తరువాత ఎడమది తొడిగి, గుండీలు పెట్టి ఆమె పనికి పోయేది.

బావమరిది వారానికోసారి వచ్చి కూర్చునేవాడు. ఆమె తమ్ముడు, అతనూ అదే పనిలో ఉన్నాడు.

"ఏంటి బావా, కొంగ రెక్క కట్టేసి కూర్చోబెట్టారు?"

"నీకు రెక్కలు రెండూ ఉన్నాయిగా, ఏం ఎగిరావురా?"

"నేనెగురుదామంటే మా అక్క ఎగరనిస్తేగా. కాంట్రాక్టరు నన్ను పరంజా ఎక్కి అందుకోమన్నాడు. ఇది విసరనంది."

మేస్త్రి భార్య వైపు చూశాడు. ఆమె గిన్నెలు తోముతూ తల ఎత్తలేదు.

"మరి ఇటుకలు పైకెలా పోతున్నాయి?"

"ఎలా పోతాయి? తట్టలో పెట్టుకుని నెత్తిన మోస్తోంది. మెట్లు లేని చోట నిచ్చెన మీద."

"నీకేమైనా మతి పోయిందా? మెడలు విరుగుతాయి" అన్నాడు మేస్త్రి.

"నా మెడ నీ మెడంత పొడుగు లేదులే, విరగడానికి" అంది ఆమె. గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుంది. "వాడికి పట్టుకోవడం రాదు. నువ్వొచ్చేదాకా మోస్తా. ఎన్నాళ్లు గనక."

ఆ మాటతో అతను మరీ జాగ్రత్తపడ్డాడు. ఈగ ముక్కు మీద వాలినా కుడి చేత్తో తోలేవాడు కాదు. నెలన్నర తరువాత పట్టీ విప్పినప్పుడు చెయ్యి సన్నబడి, ఎండిన తీగలా వేలాడింది. ఫిజియో చేయించే అమ్మాయి అతన్ని బల్ల మీద ఎడమ చేత్తో ఆనుకుని వంగమని, కుడి చేతిని కిందికి వదిలి తూకం గుండులా ఊగనిమ్మంది.

"చెయ్యి మీరు ఊపకూడదు అంకుల్. ఒళ్లు ఊపితే అదే ఊగాలి."

"గుండు గురించి నాకు చెబుతున్నావామ్మా?" అన్నాడు అతను. వంగి, చేతిని వదిలాడు. అది చిన్న చిన్న సున్నాలు చుట్టింది.

"అబ్బో, క్లాసులో ఫస్టు మీరే."

తరువాత పడుకోబెట్టి, ఎడమ చేతి సాయంతో కర్రను పైకెత్తించింది. కుడి చెయ్యి కర్రను పట్టుకుని ఊరికే వెంట పోవాలి. అది నుదురు దాటి పోయిన రోజున అతను ఇంటికొచ్చి, నేల మీద పడుకుని, చీపురు కర్రతో భార్యకు చేసి చూపించాడు. ఆమె చేస్తున్న పని ఆపి, పక్కన కూర్చుని చూసింది. "ఇంకోసారి" అంది. ఇంకోసారి చూపించాడు.

అప్పటిదాకా ఫిజియో దగ్గరికి ఆమే తీసుకెళ్లేది. ఒకరోజు తను ఒక్కడే వెళ్లొస్తానన్నాడు. పట్టీ విప్పేశారు, కాళ్లు బాగానే ఉన్నాయి, రోజూ ఆమె సగం పూట పని పోగొట్టుకోవడం ఎందుకని. ఆమె సరేనంది. చొక్కా తొడిగి, భోజనం మూతపెట్టి, మెట్లు దిగింది. అతను వరండాలోకి వచ్చి కమ్మీ పక్కన నిలబడ్డాడు. వీధిలోకి వెళ్లాక ఆమెకు గుర్తొచ్చింది. తాళంచెవి తన నడుము దగ్గరే ఉండిపోయింది. ఉన్నది ఒక్కటే చెవి. అతను గదికి తాళం వేసుకుని వెళ్లాలి.

వెనక్కి తిరిగింది. పైన అతను, కింద ఆమె. మధ్యలో ఎప్పుడూ ఉండేంత ఎత్తే.

"హా!" అంది ఆమె.

తాళంచెవి లేచింది. అతని రెండు చేతులూ లేచాయి. తల పైన, కొద్దిగా కుడివైపు, అది ఆగిన చోట కుడి చెయ్యి దాన్ని పట్టుకుంది.

లోపల తడిగుడ్డ చిరిగినట్టయింది. అంత గట్టిగా ఏమీ కాదు. అతనికి తప్ప ఎవరికీ వినపడదు.

కింద ఆమె మొహం వెలిగిపోయింది. చేతులు రెండూ చప్పట్లు కొట్టినట్టు కలిపింది. "చూశావా! పట్టు ఎక్కడికీ పోలేదయ్యా!" అంది. ఆ సంతోషంలో అతని చెయ్యి ఎలా కిందికి దిగిందో ఆమె చూడలేదు. అది దిగలేదు, పడింది. అతను కమ్మీ పట్టుకుని నవ్వాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆమె రెండుసార్లు వెనక్కి చూసింది. రెండుసార్లూ అతను నవ్వుతూనే ఉన్నాడు.

ఆ రోజు పనిలో ఆమె తమ్ముడితో "మీ బావ వచ్చేస్తాడు. చూస్తుండు" అందట. ఆ సంగతి తరువాత బావమరిదే చెప్పాడు.

అతను ఫిజియోకు వెళ్లాడు. కర్ర ఇచ్చినప్పుడు చెయ్యి వెంట పోలేదు. ఆ అమ్మాయి కర్ర పక్కన పెట్టి, అతని మోచేతిని తన చేత్తో ఎత్తి, మెల్లగా వదిలింది. చెయ్యి టపీమని పక్కన పడింది. ఆమె మళ్లీ జోకు వేయలేదు.

"ఏం చేశారు అంకుల్?"

"ఏం చెయ్యలేదమ్మా."

"ఏదో అయింది. డాక్టరు గారికి చూపించండి. ఇంట్లోవాళ్లని తీసుకురండి."

మళ్లీ స్కానింగ్ తీశారు. డాక్టరు గదిలో ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నారు. డాక్టరు బొమ్మ చూసి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"కట్టింది ఊడింది. ఎక్కడైనా పడ్డారా?"

"లేదండి."

"బరువెత్తారా? చెయ్యి ఒక్కసారిగా పైకి ఝాడించారా?"

భార్య తల తిప్పి అతన్ని చూసింది. ఆమె చెయ్యి నడుము దగ్గర, తాళంచెవి మీదికి పోయి అక్కడే ఆగిపోయింది.

"లేదండి" అన్నాడు మేస్త్రి. "నిద్రలో. నిద్రలో కుడివైపుకి దొర్లి పడుకున్నానండి. అప్పుడే అయుంటుంది."

డాక్టరు ఆమెను చూశాడు. "అలా పడుకుంటారా ఈయన?"

కుర్చీకి దిండ్లు కట్టింది ఆమే. ప్రతిరోజూ పొద్దున్న ఆ కుర్చీలోంచి అతన్ని లేపింది ఆమే.

"అవునండి" అంది. "బాగా దొర్లుతాడు. ఎన్నిసార్లు సరిచేసినా అంతే."

డాక్టరు చెప్పాల్సింది చెప్పాడు. మళ్లీ తెరవచ్చు, కాని తాడు కొస పాతగుడ్డలా ఉంది, కుట్టు నిలవదు. కండ కూడా కరిగి కొవ్వు పట్టింది. తినడానికి, రాయడానికి, భుజం కిందిదాకా ఏ పనికైనా చెయ్యి వస్తుంది. పైకి రాదు.

"పరంజా?" అని అడిగాడు మేస్త్రి, అడగకపోతే ఆ మాట చెప్పరేమో అన్నట్టు.

"వద్దు."

బస్సులో ఆమె అతనికి కుడివైపు కూర్చుంది, ఎవరూ తగలకుండా. మెట్ల దగ్గర అతను ముందు ఎక్కి, వరండాలో తలుపు ముందు నిలబడ్డాడు. కింద ఆమె ఆగిపోయింది. తాళంచెవి ఆమె చేతిలో ఉంది. ఒక్కొక్క మెట్టూ ఎక్కి వచ్చి, అతని ఎడమ అరచేయి తెరిచి, అందులో పెట్టి, వేళ్లు మూసింది.

"నువ్వే తియ్యి" అంది.

కొన్నాళ్లకు, దిండు పట్టీ ఉతికి ఆరేస్తూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"వదిలేస్తే పోయేది కదయ్యా. తాళంచెవే కదా. పడితే కిందేగా పడేది."

అతను గ్లాసులో టీ ఎడమ చేత్తో తిప్పుతున్నాడు.

"కింద నువ్వున్నావుగా" అన్నాడు.

ఆమె పట్టీని తీగ మీద పరిచింది. ముడతలు లేకుండా రెండుసార్లు లాగింది. అప్పటికే అది నున్నగా ఉంది.

కాంట్రాక్టరు మంచివాడు. కొంగ మేస్త్రికి కింద పని ఇచ్చాడు. ఇటుకలు తడపడం, కట్టిన గోడలకు గొట్టంతో నీళ్లు కొట్టడం, సరుకు దగ్గర ఒక కన్నేసి ఉంచడం. ఎడమ చేత్తో చేసుకోవచ్చు. పైన ఇప్పుడు బావమరిది. ఆమె ఇంకా తట్టలతో నిచ్చెన ఎక్కుతూనే ఉంది. దిగేటప్పుడు మెడ పట్టుకుంటోంది. అది నాలుగు రోజులు చూశాడు. ఐదో రోజు గొట్టం కట్టేసి గుట్ట దగ్గరికి వచ్చాడు.

"తట్ట దించు."

"ఎందుకు?"

"వాడికి విసురు."

"వాడికి పట్టుకోవడం రాదన్నాగా."

"వస్తుంది. నాకు మాత్రం అమ్మ కడుపులోనే వచ్చిందా?"

ఆమె తట్ట దించింది. చాలాసేపు ఇటుకల గుట్టలోకి చూస్తూ నిలబడింది, మంచిది ఏరుతున్నట్టు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకటి తీసుకుని రెండు చేతుల మధ్య ఊపింది.

"ఒరేయ్" అంది.

ఇటుక లేచింది. బావమరిది తొందరపడి ఎదురు పోయాడు. అరచేతిని గుద్దింది. "అమ్మో!" అన్నాడు గాని వదల్లేదు.

"దాని మీదికి ఎగబడకురా" అని కింద నుంచి అరిచాడు మేస్త్రి. "అదే వస్తుంది. ఆగనియ్యి. ఆగాక తీసుకో."

"ఎక్కడాగుతుంది బావా?"

మేస్త్రి ఏదో చెప్పబోయాడు. ఆమె మళ్లీ "ఒరేయ్" అంది. ఈసారి అతను ఇటుకనే చూశాడు. ఆమె విసిరినదాన్ని కింద నుంచి చూడడం అదే మొదలు. అది చిన్నదవుతూ పోయింది, బావమరిది చేతుల్లో కనిపించింది. మధ్యలో ఎక్కడా ఆగినట్టు అనిపించలేదు.

"అక్కా, బావకైతే హా అంటావు, నాకేంటి ఒరేయ్?" అని పైనుంచి అడిగాడు తమ్ముడు.

"నీకది చాలు. నోరు మూసుకుని చేతులు పట్టు."

పక్కనున్న కూలీలు నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు.

"ఎక్కడ ఆగుతుందో ఇక్కణ్ణుంచి కనపడదేంటే?" అన్నాడు భార్యతో, మెల్లగా. "ఇన్నాళ్లూ నీకెలా తెలిసేది?"

ఆమె ఇంకో ఇటుక కోసం వంగింది.

"నేనెప్పుడు ఇటుకను చూశాను? నీ చేతులే చూసేదాన్ని" అంది.

నిటారుగా లేచి, తమ్ముడి చేతులకేసి కళ్లు చికిలించి చూసింది. మేస్త్రి గొట్టం విప్పి, మిగతా గోడ తడపడానికి వెళ్లాడు. వెనక ఆమె గొంతు "ఒరేయ్" అనడం వినిపిస్తూనే ఉంది. విన్నప్పుడల్లా అతని ఎడమ చేతిలోని గొట్టం కొద్దిగా పైకి లేచి, నీళ్లు గోడ దాటి అవతల పడుతున్నాయి.